ముళ్ళున్నదల్లా వాకుడు కాదు



వినాయకచవితి ముందురోజు బజారుకు వెళ్ళి పత్రి కొనని ఇల్లు మన వైపు అరుదు. గడ్డిపోచతో బిగించిన ఆ కట్టను ఇంటికి తెచ్చి, విప్పి, పళ్ళెంలో పరచుకుంటాం. పూజ పుస్తకంలో 21 పత్రాల పేర్లు వరసగా వుంటాయి. మొదటిది మాచీపత్రం, రెండోది బృహతీపత్రం. ఇంతకీ ఆ బృహతి ఏది? ఒక పుస్తకంలో పక్కనే 'ములక' అని వుంటుంది. ఇంకో పుస్తకంలో 'వాకుడు' అని వుంటుంది. అమ్మేవాణ్ణి అడిగితే కట్టలోంచి ముళ్ళున్న ఆకు ఏదో ఒకటి తీసి, "ఇదేనమ్మా" అంటాడు. మనమూ సరేనంటాం. ముల్లు గుచ్చుకుంది గనుక అదే అయివుంటుందని నమ్ముతాం.

పూజలో ఆకు మారితే దేవుడు క్షమిస్తాడు. కషాయంలో ఆకు మారితే మాత్రం ఒళ్ళు క్షమించదు. ఈవేళ నేను చెప్పదలచుకున్నది అంతే. వాకుడు మన నేల మీద, మన గట్ల మీద పుట్టిన మొక్క. ఊదారంగు పూలు పూసే ఆ మొక్కను పొలంలో కనిపించినప్పుడు ఎలా గుర్తుపట్టాలో, దాన్ని పోలిన మొక్కల నుంచి ఎలా వేరుచేసి చూడాలో చెబుతాను. రేడియోలో మొక్కను చూపించడానికి వీలుండదు. మాటలతోనే చూపించాలి. అంచేత కొంచెం నిదానంగా వినండి. ఇప్పుడిది అచ్చులో చదువుతున్నవారు ఈ కాగితం చేత్తో పట్టుకుని గట్టు దాకా వెళ్ళినా బాగానే వుంటుంది.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నేను పట్నంలో పెరిగి పల్నాటి పల్లెకు కోడలిగా వెళ్ళినదాన్ని. మా పెద్దవాడికి మూడో ఏడు నడుస్తుండగా ఒక చలికాలం దగ్గు పట్టుకుని వదల్లేదు. మా అత్తగారు, "అమ్మాయ్, చెరువుకట్ట మీద వాకుడు వుంటుంది, వేరుతో సహా ఒక మొక్క పట్రా, కషాయం పెడదాం" అన్నారు. వాకుడు ఎలా వుంటుందని అడగడానికి నాకు నామోషీ వేసింది. "ముళ్ళ మొక్కేగా" అనుకుంటూ బయల్దేరాను. కట్ట మీద మోకాలెత్తు మొక్క ఒకటి కనబడింది. ఆకు అంచుల నిండా ముళ్ళే. ఆకు మీద తెల్లటి చారలు. పూత లేదు. కొంగు చుట్టుకుని, కష్టపడి పీకి, గొప్పగా తెచ్చి వంటింటి గడపలో పడేశాను.

ఆవిడ దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూడనైనా లేదు. కొమ్మ ఒకటి పుటుక్కున విరిచారు. విరిచినచోట పసుపు కలిపిన పాలలాగా చిక్కటి చుక్క వూరింది. ఆవిడ ముఖం మారిపోయింది. "ఇది బ్రహ్మదండి. దీన్ని మరగబెట్టి బిడ్డ నోట్లో పోసేవాళ్ళమా?" అన్నారు. గట్టిగా కేకలేసినా నాకంత బాధ వుండేది కాదు. ఆవిడ ఆ మొక్కను తీసుకెళ్ళి పెంటదిబ్బలో వేసి, సబ్బు పెట్టి చేతులు కడుక్కుని వచ్చి, చెప్పులు తొడుక్కుని, "పద, చూపిస్తా" అన్నారు.

ఆ సాయంత్రం ఆవిడ చూపించిందే తర్వాత పుస్తకాల్లో చదివి, తెలిసినవాళ్ళను అడిగి, మరికొంత కూడబెట్టుకున్నాను. అదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

మొదటి పాఠం పొలంలో కాదు, పెరట్లోనే వుంది. మీ పెరట్లో వంగమొక్క వుందా? వుంటే పూత మీద వున్నప్పుడు ఒక పువ్వును తిప్పి చూడండి. రేకులు విడివిడిగా వుండవు. అయిదు రేకులూ అడుగున కలిసిపోయి, అయిదు మూలల నక్షత్రంలాగా విచ్చుకుంటాయి. రంగు ఊదా. నడుమ పసుప్పచ్చటి పుప్పొడి తిత్తులు అయిదు, ఒకదాన్నొకటి ఆనుకుని చిన్న గోపురంలాగా నిలబడి వుంటాయి. పూతకాడ కూడా ఆకు మొదట్లోంచి కాక, కొమ్మ పక్కనుంచి కొంచెం ఎడంగా పుట్టుకొస్తుంది. ఈ పువ్వు మీ కళ్ళకు అలవాటైతే సగం చదువు వచ్చినట్టే. ఎందుకంటే వాకుడు వంకాయకు చెల్లెలే. ములక, ఉచ్చింత, కామంచి కూడా ఆ ఇంటివే. టమాటా, బంగాళాదుంప ఇదే ఇంట పుట్టి, సముద్రాలు దాటి అమెరికా ఖండం నుంచి మన వంటింట్లోకి వచ్చినవి. మిరప, పొగాకు దాయాదులు. ఉమ్మెత్త కూడా దాయాదే, కాని విషపు దాయాది. అన్నం పెట్టేవాళ్ళూ, ప్రాణం తీసేవాళ్ళూ ఒకే వంశంలో వున్నారన్నమాట. కనుకనే ఈ వంశంలో ఎవరు ఎవరో తెలుసుకోవడం అవసరం.

ఆ పుప్పొడి గోపురం సంగతి ఒకటి వుంది. మిగతా పూలలో లాగా ఈ తిత్తులు నిలువునా పగలవు. కొసన సూదిమొనంత బెజ్జాలు వుంటాయి. పుప్పొడి ఉప్పుడబ్బాలో ఉప్పులాగా లోపల వుంటుంది. దులిపితేనే రాలుతుంది. ఈ పూలలో తేనె వుండదు. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును కాళ్ళతో గట్టిగా పట్టుకుని, రెక్కలు కదల్చకుండానే ఒళ్ళంతా అదురుతుంది. ఆ అదురుకు పుప్పొడి జల్లున రాలి దాని పొట్ట మీద పడుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. పొద్దున్నే వంగమడి దగ్గర నిలబడి వినండి. ఎగురుతున్నప్పుడు ఒక స్వరం, పువ్వు మీద వాలాక ఇంకో స్వరం. ఆ రెండో స్వరమే కాయ కట్టించే స్వరం.

సరే, ఇక గట్టు మీదకు పోదాం.

వాకుడు ఎక్కడ వుంటుంది? నీళ్ళు నిలవని చోట, ఎండ బాగా తగిలే చోట. చెరువుకట్టలు, బీళ్ళు, డొంకలు, బాటల పక్క గరుకు నేలలు దానికిష్టం. నీడలో, మాగాణిలో వెతికితే దొరకదు. ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు పూస్తూనే వున్నా, వానలు వెనకబట్టి పక్కన గడ్డి ఎండిపోయాక దాన్ని చూడటం తేలిక. అంతా ఎండిపోయిన నేలమీద అదొక్కటే పచ్చగా పరుచుకుని వుంటుంది.

గుర్తులు అయిదు చెబుతాను. చేతికి వేళ్ళు అయిదున్నట్టే ఇవి కూడా అయిదూ వుండాలి. ఒక్కటి తగ్గినా అనుమానించండి.

మొదటి గుర్తు, మొక్క నడక. వాకుడు నిలబడదు, పడుకుంటుంది. మొదలు కొంచెం చేవదేరి వుంటుంది. అక్కణ్ణించి కొమ్మలు వంకరటింకరగా నలుదిక్కులా పాకి, బండిచక్రంలాగా నేలను కప్పేస్తాయి. నేలవాకుడు, నేలములక అన్న పేర్లు అందుకే వచ్చాయి.

రెండోది ముల్లు. ముళ్ళు కొమ్మల మీద దట్టంగా వుంటాయి. నిటారుగా, సూదిలాగా, పసుప్పచ్చగా, నిగనిగలాడుతూ వుంటాయి. పొడుగు సెంటీమీటరు, ఒక్కోసారి అంతకన్నా కాస్త ఎక్కువ. రేగుముల్లులాగా కొక్కెం తిరిగి వుండదు. ఈ ముల్లు వంగదు సుమండీ, వేలి లోపలికే దిగుతుంది.

మూడోది ఆకు. నాలుగైదు వేళ్ళ పొడుగు వుంటుంది. అంచు లోతుగా చీలి తమ్మెలు తమ్మెలుగా వుంటుంది. చిన్న కాడ కూడా వుంటుంది. అసలు గుర్తు ఏమంటే, ఆకు నడిమి ఈనె మీద, పక్క ఈనెల మీద, పైనా కిందా రెండువైపులా పొడుగాటి పసుపు ముళ్ళు నిలబడి వుంటాయి. ఆకు అరచేతిలో పెట్టుకోవడానికి ఏ పక్కా వీలుండదు. లేతాకు మీద కొంచెం నూగు వున్నా ముదిరాక చాలావరకు పోయి, ఆకు పచ్చగా తేటగా కనిపిస్తుంది.

నాలుగోది పువ్వు. పెరట్లో చూసుకున్న వంగపువ్వే, కాస్త చిన్నది. అడ్డం రమారమి 2 సెంటీమీటర్లు, అంటే రూపాయి బిళ్ళంత. నీలం కలిసిన ఊదారంగు, నడుమ పసుపు గోపురం. తెల్లపూల వాకుడు కూడా వున్నది గాని చాలా అరుదు. వైద్యులు దాన్ని వేరే పేరుతో విడిగా చెప్పుకుంటారు. మనకు కనిపించేది ఊదాపువ్వే.

అయిదోది కాయ. గోలీకాయంత, గుండ్రంగా, నున్నగా వుంటుంది. పచ్చిగా వున్నప్పుడు ఆకుపచ్చ మీద తెల్లటి చారలు గీసినట్టుంటాయి, బుల్లి పుచ్చకాయలాగా. పండితే పసుపు ముద్దలాగా పచ్చబడుతుంది. తొడిమె దగ్గర తొడుగు మీద కూడా ముళ్ళుంటాయి. ఒకే మొక్క మీద పువ్వు, చారల కాయ, పసుపు పండు మూడూ కలిసి కనిపిస్తే అంతకన్నా అదృష్టం లేదు. అక్కడే కూచుని పిల్లలకు చూపించండి.

పేర్ల గొడవ కూడా ఒకమాట చెప్పుకోవాలి. వాకుడు, నేలవాకుడు, నేలములక, పిన్నములక ఇవన్నీ ఈ మొక్కకే వాడతారు. సంస్కృతంలో కంటకారి, నిదిగ్ధిక, వ్యాఘ్రి. వ్యాఘ్రి అంటే ఆడపులి. దాని మీద చెయ్యి వేసినవారికి ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఇక శాస్త్రం పేర్లు. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. మొదటిసారి పుస్తకాలు తిరగేసినప్పుడు మూడు చోట్ల మూడు పేర్లు చూసి మూడు మొక్కలేమోనని భయపడ్డాను. సొలానమ్ వర్జీనియానమ్, సొలానమ్ సురాటెన్స్, సొలానమ్ జాంతోకార్పమ్. మూడూ ఒకటే. మొదటిది 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. అన్నిటికన్నా పాతది గనుక ఇప్పుడు దాన్నే ప్రమాణంగా తీసుకుంటున్నారు. వర్జీనియా అమెరికాలో వుంది, మొక్కేమో మనది. పేరు చూసి పరాయి మొక్క అనుకోకండి. రెండో పేరులో మన సూరత్ వుంది. మూడో పేరుకు పసుపు కాయల మొక్క అని అర్థం.

ఇప్పుడు వాకుడును పోలిన మొక్కల దగ్గరకొద్దాం. ముందు సొంత చుట్టాలు.

పెద్దక్క ములక. పెద్దములక, తెల్లములక అని కూడా అంటారు. బృహతి అంటే ఇదే. పువ్వు ఇంచుమించు వాకుడు పువ్వే, కాస్త వెలిసిన ఊదా. కాని ఇది పడుకోదు. నడుమెత్తు పొదగా నిటారుగా లేస్తుంది. ముళ్ళు మొదట్లో వెడల్పుగా, కొస కొంచెం వంగి వుంటాయి. ఆకు అడుగున బూడిద చల్లినట్టు నూగు వుంటుంది. కాయలు బఠాణీ గింజంత, గుత్తులుగా కాస్తాయి. పండితే నారింజ కలిసిన పసుపు. అంచేత చవితి పత్రికి బృహతి కావాలంటే నిలబడ్డ మొక్క ఆకు తేవాలి. ఊళ్ళో ములకను, వాకుడును మార్చి మార్చి పిలవడం వల్లనే పూజ పుస్తకాల్లో కూడా ఈ గందరగోళం వచ్చింది. ఆయుర్వేదంలో ఇవి రెండూ వేరు వేరు మూలికలు. దశమూలాలలో బృహతి ఒకటి, కంటకారి ఒకటి. దశమూలారిష్టంలో గాని, చ్యవనప్రాశలో గాని రెండూ పడవలసిందే. ఒకటి వేసి రెండోది వేశామనుకోవడానికి లేదు.

రెండో చుట్టం అడవి వంకాయ. పొరబాటు ఎక్కువగా పడేది దీని దగ్గరే. ఊదాపువ్వు, ముళ్ళు, పచ్చి కాయ మీద చారలు, పండితే పసుపు, అన్నీ వున్నాయి. మనం కూర వండుకునే వంకాయకు పుట్టిల్లు ఈ మొక్కేనని శాస్త్రజ్ఞులు చెబుతారు. తేడా ఆకులో చూడాలి. దీని ఆకు వంగాకే. అంచు అలలు తిరిగినట్టుంటుంది గాని లోతుగా చీలదు. నిమిరితే మెత్తగా, బూడిదరంగు నూగుతో వుంటుంది. కాయ కూడా వాకుడు కాయ కన్నా పెద్దది.

మూడో చుట్టం ఉచ్చింత. ఇది తీగ. కంచెల మీద, కలబంద పొదల మీద ఎగబాకుతుంది. ఆకు చిన్నది, మూడు నాలుగు తమ్మెలుగా వుంటుంది. ముల్లు చిన్నది గాని గాలంలాగా వెనక్కి వంగి కొంగు పట్టి లాగుతుంది. పండు ఎరుపు. తమిళులు దీన్ని తూదువళై అని పిలిచి చారు, పచ్చడి చేసుకుంటారు. ఎర్రపండు కనిపిస్తే అది వాకుడు కాదు.

ఇవి మూడూ మన నేలవే. పరాయిది ఒకటుంది. తమిళనాడు, కర్ణాటక వైపు చేలల్లో కలుపుగా పడివున్న వెండి ఆకు మొక్క. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. ఊదాపువ్వు, పసుపు పండు రెండూ వుంటాయి గనుక దూరం నుంచి చూస్తే మోసపోతాం. దగ్గరికి వెళ్ళి ఆకు చూడండి. సన్నగా, పొడుగ్గా, వెండిపూత పూసినట్టు తెల్లగా మెరుస్తుంది. ముళ్ళు సన్నం, తక్కువ. పైగా నిలబడి పెరుగుతుంది.

ఇక చుట్టం కాని మొక్క, నన్ను మోసం చేసిన బ్రహ్మదండి. దీన్ని పిచ్చికుసుమ అని కూడా అంటారు. ఇది గసగసాల కుటుంబం. దీనిదీ అమెరికా పుట్టుకే. పూస్తే ఏ గొడవా లేదు, పువ్వు కాగితంలాగా పల్చగా, కొట్టొచ్చే పసుపుపచ్చగా వుంటుంది. పూయనప్పుడే ప్రమాదం. అప్పుడు మూడు చూడండి. ఆకుకు కాడ వుండదు, కొమ్మను కౌగిలించుకుని వుంటుంది. ఈనెల వెంబడి తెల్లటి చారలుంటాయి. విరిస్తే పసుపు పాలు కారతాయి. వాకుడును విరిస్తే అటువంటి పాలు రావు. దీని గింజలు ఆవాలలాగా వుంటాయి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఈ గింజల నూనె కలిసి, ఒళ్ళు నీరుపట్టి 60 మందికి పైగా చనిపోయారు. ఆ వార్త తెలిసిన నాడు మా అత్తగారు విరిచిన కొమ్మ నాకు కళ్ళముందు మెదిలింది.

ఉమ్మెత్త సంగతి. నల్ల ఉమ్మెత్తకు కూడా ఊదాపువ్వే. చవితి పత్రిలో దాని ఆకు కూడా వుంది. 'ఊదాపువ్వు, ముళ్ళ కాయ' అని ఎవరో చెప్పగా విని దాన్నే వాకుడు అనుకునేవారు లేకపోలేదు. ఉమ్మెత్త పువ్వు జానెడు పొడుగు బూరా. వాకుడు పువ్వు రూపాయంత నక్షత్రం. ఉమ్మెత్తకు ముళ్ళు కాయ మీదే గాని కొమ్మమీద, ఆకుమీద వుండవు. వాకుడుకు కొమ్మకూ ఆకుకూ ముళ్ళే గాని కాయ నున్నన. ఈ ఒక్క తిరగవేత గుర్తు పెట్టుకుంటే చాలు. ఉమ్మెత్త ఆకు, గింజ, పువ్వు, ఏ భాగం లోపలికి పోయినా నోరు ఎండిపోయి, కనుపాపలు పెద్దవై, మనిషి మతి తప్పి మాట్లాడతాడు. ప్రాణమే పోవచ్చు.

మరి గుర్తుపట్టడం నేర్చుకోవడం ఎలా? ఒకసారి చూస్తే చాలదు. ఒకే మొక్కను మూడుసార్లు చూడాలి. లేతగా వున్నప్పుడు ఒకసారి, పువ్వుతో ఒకసారి, పండుతో ఒకసారి. వెళ్ళేటప్పుడు చేతిలో కర్ర ఒకటి వుంచుకోండి. పరుచుకున్న కొమ్మను కర్రతో ఎత్తి అడుగు చూడండి, చెయ్యి పెట్టవద్దు, కింద తేలు వుండవచ్చు. పువ్వూ ఆకూ వున్న చిన్న రెమ్మ ఒకటి కత్తెరతో కోసి, పాత పేపరు మడతల్లో పెట్టి, పైన బరువు వుంచితే వారం పది రోజుల్లో ఆరిపోతుంది. దానిపక్కన తేదీ, చోటు, మీ ఊళ్ళో పిలిచే పేరు రాసిపెట్టుకోండి. చేతిలో ఫోనున్నవాళ్ళు నాలుగు ఫోటోలు తీయండి: మొక్క మొత్తం, ఆకు వెనక, పువ్వు, కాయ. ఒక్క పువ్వు ఫోటో తెచ్చి 'ఇదేం మొక్క' అంటే ఎంత తెలిసినవాళ్ళయినా తప్పు చెప్పే వీలుంది. పువ్వు లేని మొక్కకు మాత్రం నమ్మకంగా పేరు పెట్టకండి. పూసేదాకా ఆగండి. మొక్క ఎక్కడికీ పారిపోదు.

ఇంత కష్టపడి గుర్తుపడితే ఉపయోగమేమిటి, ఇంట్లో వైద్యం చేసుకోవచ్చా అని మీరడగవచ్చు. దగ్గుకు, ఆయాసానికి కంటకారిని ఆయుర్వేదం ఎన్నో వందల ఏళ్ళుగా వాడుతోంది. కంటకారి అవలేహం, వ్యాఘ్రీ హరీతకి లాంటివి మందుల షాపులోనే దొరుకుతాయి. కాని వైద్యుడు తూచి ఇచ్చేది వేరు, మనం గుప్పెడు మరగబెట్టేది వేరు. ఈ మొక్కలో, ముఖ్యంగా కాయలో, గట్టి రసాయనాలున్నాయి. పచ్చికాయ తింటే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకోవచ్చు. గర్భిణీలకు, పసిపిల్లలకు సొంత వైద్యం అసలే కూడదు. దగ్గు రెండు వారాలు దాటితే కషాయాలతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి కఫం పరీక్ష చేయించుకోవాలి. క్షయకు మంచి మందులున్నాయి, అవి ఉచితంగా ఇస్తారు. మా పెద్దవాడి దగ్గు కూడా చివరికి డాక్టరు మందుతోనే తగ్గింది. ఈ మాట మా అత్తగారు కూడా దాచకుండా చెప్పేవారు.

పిప్పిపన్నుకు వాకుడు గింజల పొగ పట్టడం మన పల్లెల్లో పాత అలవాటు. నిప్పుల మీద గింజలు వేసి, గొట్టంతో పొగ నోట్లోకి పట్టి, "పురుగులు రాలాయి" అని చూపిస్తారు. పంటిలో పురుగు అనేది లేదండీ. తీపి తిన్నాక పళ్ళ సందుల్లో చేరే సూక్ష్మజీవులు పుట్టించే ఆమ్లం పన్నును తినేస్తుంది. పొగతో నొప్పి కాసేపు మరుగున పడినా గుంట పూడదు. పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళవలసిందే.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. పల్లె పిల్లలకు పొలంగట్టున దొరికే పళ్ళు తినడం అలవాటు. నల్లగా మాగిన కామంచి పళ్ళు, కాగితపు బుడ్డలో దాక్కున్న బుడ్డకాయలు తింటూ వుంటారు. వాకుడు పండు చూడటానికి అంతకన్నా ముద్దుగా వుంటుంది. "పసుపు గోలీకాయ, కొమ్మకు ముళ్ళు, నోట్లో పెట్టకు" అని పిల్లలకు ముందే నేర్పండి. ఎవరైనా పొరబాటున తింటే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. నోట్లో మిగిలింది తీసి, నోరు కడిగి, 108కి ఫోను చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తిన్న మొక్క కొమ్మను, కాయను సంచీలో వేసి వెంట తీసుకెళ్ళడం మరచిపోవద్దు. ఏ మొక్కో తెలిస్తే డాక్టరు పని సగం తేలికవుతుంది. మొక్కను గుర్తుపట్టడం అంటే అలాంటి వేళ ప్రాణం నిలబెట్టడమే.

చివరిగా ఒకమాట. వాకుడు మందుకు వేరుతో సహా పీకే మొక్క. పీకితే అది ఇక వుండదు. గట్ల మీద కలుపుమందు కొడుతున్నాం, డొంకలు చదును చేస్తున్నాం. ఎక్కడైనా గుంపుగా కనిపిస్తే అన్నీ పీకకండి. పండిన కాయలు రెండు కోసి, గింజలు కడిగి ఆరబెట్టి, పెరట్లో ఎండపొడ తగిలే మూల చల్లితే మొలుస్తాయి. ముళ్ళ మొక్క గనుక పిల్లలు తిరగని మూల చూసుకోండి.

మా అత్తగారికి అక్షరం రాదు. ఆవిడ చెరువుకట్ట మీద నిలబెట్టి నాకు నేర్పిన పాఠం మాత్రం ఏ బడిలోనూ దొరకలేదు. ఆ సాయంత్రం వాకుడు పక్కన కూచోబెట్టి, "పేరు విని తేవద్దు, ముల్లు చూసి తేవద్దు. పువ్వు చూసి, కాయ చూసి, ఆకు తిప్పి చూసి తే. అప్పటికీ అనుమానమైతే ఉత్త చేతులతో ఇంటికి రా, ఎవరూ ఏమనరు" అన్నారు. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు కట్ట మీద వాకుడు ఒకటి నిండా పూసి కనబడింది. మా ఆడబిడ్డ కూతురు వెంట వుంది. "అత్తా, ఇది వంగపువ్వు కదూ?" అంది. అవునమ్మా, అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి అని దాని పక్కన కూలబడ్డాను.

మీ ఊరి గట్టు మీద కూడా వాకుడు వుండే వుంటుంది. మీ ఇంట్లో దాన్ని గుర్తుపట్టగల పెద్దవాళ్ళు వుంటే ఈ ఆదివారమే వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి. నాలాగా అడగడానికి నామోషీ పడకండి.